నర్సింగు చదువుకు వెళ్ళిన మన పిల్లలు



హోసూరు బస్టాండులో తెల్లవారుజామున బెంగుళూరు బస్సు ఎక్కేవాళ్ళను మీరెప్పుడైనా గమనించారా? ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేవాళ్ళుంటారు, పూలబుట్టలవాళ్ళుంటారు, కూరగాయల మూటలవాళ్ళుంటారు. వాళ్ళ మధ్య ఒళ్ళో సంచి పెట్టుకొని, కిటికీకి తల ఆనించి, బస్సు కదలకముందే కునుకు తీసే ఆడపిల్లలు కొందరు కనిపిస్తారు. సెలవుకు ఇంటికి వచ్చి మళ్ళీ హాస్టలుకు పోయే నర్సింగు విద్యార్థినులు వాళ్ళు. వాళ్ళలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. నేను హోసూరు పక్కన ఒక పల్లెలో, తెలుగు మాధ్యమం ఉన్న బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఈనాటి ప్రసంగంలో ఆ పిల్లల రోజువారీ కష్టాల గురించి, వాటిని వాళ్ళు ఎట్లా దాటుకొస్తున్నారన్న దాని గురించి మీతో నాలుగు మాటలు ముచ్చటించాలని వచ్చాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ చదువు గురించి నాకు తెలిసిందంతా నా విద్యార్థినుల దగ్గర నేర్చుకున్నదే. వాళ్ళను పంపించేటప్పుడు నాకేమీ తెలియదు. "నర్సింగు మంచి చదువమ్మా, ఎక్కడికి పోయినా ఉద్యోగం దొరుకుతుంది" అని చెప్పి పంపించాను. మనం ఉపాధ్యాయులం అట్లా చాలా చెబుతూ ఉంటాం.

చదువు సంగతి తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. బి.యస్సీ. నర్సింగు నాలుగేళ్ళు. 2021లో భారత నర్సింగు మండలి పాఠ్యక్రమాన్ని మార్చి, దాన్ని ఎనిమిది సెమిస్టర్లు చేసింది. దానికి పన్నెండో తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లీషు చదివి ఉండాలి. జి.ఎన్.ఎం. అనే డిప్లొమా మూడేళ్ళు. సైన్సు చదవనివాళ్ళు కూడా దానిలో చేరవచ్చు. ఎ.ఎన్.ఎం. రెండేళ్ళు. ఏది చదివినా తరగతి గది సగమే. మిగతా సగం ఆసుపత్రి వార్డు. కష్టమంతా ఆ రెండో సగంలోనే మొదలవుతుంది.

నాలుగేళ్ళ కిందట మా బడిలో పదో తరగతి దాకా చదివి, ఆపైన పన్నెండు పూర్తిచేసిన ఒక అమ్మాయి బెంగుళూరులో బి.యస్సీ. నర్సింగులో చేరింది. పేరు చెప్పను. వాళ్ళ నాయన గులాబీ తోటల్లో పనిచేస్తారు. మా ప్రాంతపు గులాబీలు దేశాలు దాటి పోతాయి గానీ, వాటిని కోసే చేతుల మీద ముళ్ళ గీతలు ఇక్కడే ఉండిపోతాయి. ఆ ఇంట్లో పన్నెండో తరగతి దాటిన మొదటి మనిషి ఈ పిల్లే. తెలివైనది, అణకువ కలది. ఏం చెప్పినా "సరే టీచర్" అని తల ఊపేది. ఆ తల ఊపడం నాకెంతో ముచ్చటగా ఉండేది. ఆ తలకాయ ఊపు గురించే ఈరోజు ఎక్కువగా చెప్పబోతున్నాను.

మొదటి సెమిస్టరులో ఆమెకు ఎదురైన కష్టం నేను పెట్టిందే. నేను జీవశాస్త్రం చక్కటి తెలుగులో చెప్పాను. ధమని, సిర, కాలేయం, క్లోమం, ప్లీహం. పిల్లలు బొమ్మలు గీసి అందంగా పేర్లు రాసేవారు. అక్కడ తరగతిలో మేడమ్ ఆర్టరీ, వెయిన్, లివర్, పాంక్రియాస్, స్ప్లీన్ అంటూ గడగడా చెప్పుకుపోతుంటే ఈ పిల్లకు ఒక్క ముక్క అందలేదు. తీరా రాత్రి హాస్టల్లో పుస్తకం తెరిచి బొమ్మ చూస్తే, "అయ్యో, ఇది నాకు తెలిసిందే కదా!" అనుకుందట. విషయం తెలుసు, పేరు తెలియదు. మన ఊరి మనిషి పట్నంలో వేరే పేరుతో తిరుగుతున్నట్టు.

తెలుగులో చెప్పడం తప్పని నేను అనడం లేదు. తెలుగులో అర్థం చేసుకున్న పిల్లకు ఆ గుండె బొమ్మ జన్మలో మరపురాదు. కానీ బోర్డు మీద ధమని అని రాసినప్పుడు, పక్కనే ఆర్టరీ అన్న మాట కూడా రాసి పలికించి ఉంటే నా సొమ్మేం పోయేది? ఇప్పుడు రాస్తున్నాను. ఆ పిల్ల చెప్పిన తరువాతే రాయడం మొదలుపెట్టాను.

ఆమె తన దారి తానే కనుక్కుంది. ఒక పొడుగాటి నోటుపుస్తకం కొని, పేజీకి నాలుగు గడులు గీసింది. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో తెలుగు, మూడో గడిలో కన్నడం, నాలుగో గడిలో తమిళం. రోజుకు పది మాటలు మాత్రమే. వాటిని బొమ్మ మీద వేలు పెట్టి పైకి చదివేది. గదిలో ఉన్న మలయాళీ అమ్మాయి నవ్వేదట. రెండు నెలలయ్యాక ఆ అమ్మాయే, "నాకూ ఒక గడి గీసి పెట్టవే" అని అడిగిందట.

ఇక వార్డు. మన సరిహద్దు పిల్లలకు నాలుగు భాషలు వస్తాయి కాబట్టి ఆసుపత్రిలో ఇబ్బంది ఉండదని అనుకుంటాం. నిజమే, అది పెద్ద వరం. కానీ దగ్గరి భాషల్లో ఒక తిరకాసు ఉంటుంది. ఒకే మాట రెండు చోట్లా ఉంటుంది, అర్థం మాత్రం మారిపోతుంది. కన్నడంలో సుస్తు అంటే అలసట. మనకు సుస్తీ అంటే జబ్బు. కన్నడంలో ఉరి అంటే మంట. "ఎదె ఉరి" అంటే రొమ్ములో మంట. మన చెవికి ఆ మాట వినగానే గుండె ఝల్లుమంటుంది. ఒక పెద్దాయన "నంగె కల్లు ఇదె" అంటే మా పిల్ల ఆయన కల్లు తాగుతాడని అలవాట్ల గడిలో రాసుకుందట. పాపం ఆయన చెబుతున్నది కిడ్నీలో రాయి సంగతి! కన్నడంలో కల్లు అంటే రాయి కదా. ఆ రోజు వార్డంతా నవ్వుకున్నారు, ఆ పెద్దాయన కూడా. నవ్వులతో పోయిన పొరపాటు కాబట్టి సరిపోయింది.

అన్నీ అట్లా నవ్వులతో పోవు. ఆమె అనుమతి తీసుకునే ఈ సంగతి చెబుతున్నాను.

అప్పుడు ఆమె రెండో సంవత్సరంలో ఉంది. సర్జరీ వార్డులో డ్యూటీ. పొద్దున డ్యూటీ మారేటప్పుడు రాత్రి సిస్టర్ ఒక్కొక్క మంచం దగ్గరా నిలబడి, ఏ రోగికి ఏం జరిగిందో, ఏం జరగాలో వచ్చినవాళ్ళకు ఒప్పజెప్పి పోతుంది. ఆ రోజు హడావుడిగా ఉంది. ఒక మంచం దగ్గర సిస్టర్ "ఎన్.బి.ఎం. ఫ్రమ్ మిడ్‌నైట్" అని ముందుకు సాగిపోయింది. మా పిల్లకు పుస్తకంలో ఎన్.పి.ఓ. అని ఉంది. రెండింటికీ అర్థం ఒకటే, నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని. కానీ ఎన్.బి.ఎం. అన్న మూడక్షరాలు ఆమె అంతకుముందు వినలేదు. ఏదో పరీక్ష పేరు కాబోలు అనుకుంది. సిస్టర్ వెనక్కి తిరిగి "అర్థమైందా?" అన్నట్టు చూసింది. ఈమె తల ఊపింది.

కాసేపటికి ఆ రోగి భార్య వచ్చి, "స్వల్ప ఇడ్లి కొడబహుదా, సిస్టర్?" అని అడిగింది. కొంచెం ఇడ్లీ పెట్టవచ్చునా అని. మా పిల్ల మళ్ళీ తల ఊపింది.

పది నిమిషాల తరువాత మరో మంచం తలాపున వేలాడే అట్ట మీద అవే మూడక్షరాలు, కింద వాటి పూర్తి మాటలు కనబడ్డాయి. నిల్ బై మౌత్. కాళ్ళలో సత్తువ పోయిందట ఆమెకు. పరుగెత్తుకుంటూ పోయి చూస్తే, ఆయన రెండు ఇడ్లీలు తిని కాఫీ తాగుతున్నాడు.

దీనిలో ప్రమాదం ఏమిటో తెలియనివారి కోసం చెబుతున్నాను. మత్తు ఇచ్చినప్పుడు, మనం మింగినది ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడే గొంతు కాపలా పనిచేయదు. పొట్టలో ఆహారం ఉంటే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగిపోవచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఇడ్లీ వంటి తేలిక ఆహారానికైనా, పాలకైనా ఆరు గంటల ఎడం, మంచినీళ్ళకు రెండు గంటల ఎడం ఉండాలంటారు. ఇంట్లోవాళ్ళు జాలిపడి, "పాపం రాత్రినుంచి ఏమీ తినలేదు" అని చాటుగా ఒక ముద్ద పెట్టడం మన దగ్గర మామూలే. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి.

ఇప్పుడు ఆ పిల్ల స్థితి ఆలోచించండి. చూసినవాళ్ళెవరూ లేరు. రోగి భార్యకు తను చేసింది తప్పని తెలియదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే తిట్లు, కాలేజీకి ఫిర్యాదు, ఏమేమవుతుందో తెలియదు. వరండాలో స్తంభం దగ్గర ఎంతసేపు నిలబడిందో తనకే గుర్తు లేదంది. ఆ తరువాత వార్డు సిస్టర్ దగ్గరికి పోయి చెప్పేసింది. ఇంగ్లీషూ రాలేదు, కన్నడమూ రాలేదు. తెలుగులోనే ఏడుస్తూ చెప్పిందట. సిస్టరుకు తెలుగు రాదు. ఇడ్లీ అన్న మాట మాత్రం అర్థమైంది.

తిట్లు పడ్డాయి, గట్టిగానే పడ్డాయి. ఆపరేషను మర్నాటికి వాయిదా వేశారు. మర్నాడు బాగానే జరిగింది. ఆయన వారంలో ఇంటికి పోయాడు. రెండో సంవత్సరపు పిల్ల చేతిలో ఆ మంచాన్ని అట్లా వదిలేయడం, అట్ట తగిలించకపోవడం వార్డువాళ్ళ తప్పు కూడా అని నా అభిప్రాయం. అది వేరే సంగతి.

ఆ వారాంతం ఆమె ఊరికి వచ్చి తిన్నగా మా ఇంటికి వచ్చింది. "నేను వెనక్కి వచ్చేస్తాను టీచర్. నాకు ఆ పని చేతకాదు. ఇక్కడే ఏదైనా షాపులో కూర్చుంటాను" అంది. జరిగిందంతా చెప్పింది. నేను ధైర్యం చెప్పబోయాను. మధ్యలో, "అర్థం కాకపోతే అడగాలి కదమ్మా, తల ఎందుకు ఊపావు?" అన్నాను. ఆమె కాసేపు ఊరుకొని, "అలవాటు టీచర్" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎక్కడ అయింది ఆ అలవాటు?

మన పిల్లల బతుకు చూడండి. ఇంట్లో మొరసునాటి తెలుగు. బడిలో పుస్తకపు తెలుగు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం తరువాత తమిళం కూడా ఒకటో తరగతి నుంచి వరసగా తప్పనిసరి అయింది. సంతలో కన్నడం. ఆఫీసులో ఇంగ్లీషు. ఏ చోటికి పోయినా సగం మాటలే అందుతాయి. ప్రతిసారీ "అర్థం కాలేదు" అంటే అవతలివాళ్ళు విసుక్కుంటారు, నవ్వుతారు. అందుకని చిన్నప్పుడే ఒక ఉపాయం నేర్చుకుంటారు. ముందు తల ఊపేయడం, తరువాత పక్కవాడిని అడిగి తెలుసుకోవడం. అది మాకూ అనుకూలమే. తరగతిలో "అర్థమైందా?" అంటే నలభై తలలు ఊగుతాయి. పాఠం ముగిసిపోతుంది. ఊగిన తలల్లో ఎన్నిటికి అర్థమైందని నేను ఏనాడైనా అడిగానా? తల ఊపిన పిల్లను మంచి పిల్ల అన్నాను. రెండోసారి అడిగిన పిల్లతో "వింటున్నావా, నిద్రపోతున్నావా?" అన్నాను. ఈ మాటలు మైకు ముందు చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది.

బడిలో దాని ఖరీదు రెండు మార్కులు. వార్డులో దాని ఖరీదు వేరు.

ఆ రోజు మేమిద్దరం కూర్చొని ఒక చిన్న పని చేశాం. నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, మాటలకు బదులు ఒకే ఒక వాక్యాన్ని నాలుగు గడుల్లో రాసుకుంది. అర్థం కాలేదు, ఇంకొకసారి చెప్పండి. కన్నడంలో "అర్థ ఆగలిల్ల, ఇన్నొమ్మె హేళి". తమిళంలో "పురియలై, ఇన్నొరు తడవ సొల్లుంగ". నాలుగింటినీ నా ఎదురుగా పదేసిసార్లు పైకి అనిపించాను. మొదట గొంతు పెగల్లేదు. చిత్రమేమిటంటే, తెలుగులో అనడానికే ఎక్కువ మొహమాటపడింది.

సోమవారం పోయి వార్డు సిస్టరుతో అన్నదట. ఆమె విసుక్కుంటుందనుకుంటే, "అట్లా అడిగేవాళ్ళే నాకు కావాలి" అని, ఇంకో పద్ధతి కూడా నేర్పిందట. చెప్పిన మాటను తిరిగి అప్పజెప్పడం. "మూడో మంచం, ఈ మందు, ఇంత మోతాదు, రోజుకు రెండుసార్లు, భోజనం తరువాత. అంతేనా సిస్టర్?" అని. మందు ఇచ్చేటప్పుడు నర్సులు సరిచూసుకునే అయిదు సంగతులు కూడా ఇందులోనే ఇమిడిపోతాయి. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ. బి.డి. అంటే రోజుకు రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు, ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే. ఇంట్లో మందుచీటీ వచ్చినప్పుడు మనం తెలుసుకున్నా పనికొచ్చే మాటలే ఇవి. అందరు సిస్టర్లూ అంత ఓపిగ్గా ఉండరని కూడా ఆమె చెప్పింది. విసుక్కున్నవాళ్ళ దగ్గర కూడా అడుగుతుందట. "తిట్టు పడితే సాయంత్రానికి మరిచిపోతాను టీచర్, ఆ ఇడ్లీ మాత్రం ఇంకా కలలోకి వస్తుంది" అంటుంది.

దాచిపెట్టడం వల్ల ఈ పిల్లలకే కలిగే ప్రమాదం ఇంకొకటుంది. అది సూది గుచ్చుకోవడం. రోగికి వాడిన సూది వేలికి గుచ్చుకుంటే, తిడతారని ఎవరికీ చెప్పకుండా చెయ్యి తుడుచుకొని ఊరుకునే పిల్లలున్నారు. అది చాలా అపాయం. వెంటనే సబ్బుతో, పారే నీళ్ళతో కడగాలి. వేలిని పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. ఆ నిమిషంలోనే చెప్పాలి. రోగికి ఉన్న జబ్బును బట్టి హెచ్.ఐ.వి. రాకుండా మందులు మొదలుపెట్టవలసి వస్తే, రెండు గంటల లోపు మొదలుపెట్టడం మేలు. 72 గంటలు దాటితే ఆ మందుల వల్ల ప్రయోజనం ఉండదు. ఆ మందులు 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు. మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. తల్లిదండ్రులు ఫీజు రసీదు గురించి అడుగుతారు, ఈ టీకా అయిందా అని కూడా అడగండి. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టబోవడం వల్లే చాలాసార్లు గుచ్చుకుంటుంది. మూత పెట్టకుండా నేరుగా తెల్లని గట్టి డబ్బాలో వేసేయాలి.

ఇక ఒంటి అలసట. ఏడెనిమిది గంటలు నిలబడే ఉండాలి. మొదటి నెలల్లో పాదాలు వాచి చెప్పులు పట్టవు. ఇరుకు బూట్లు కాకుండా మెత్తని అట్ట ఉన్నవి కొనివ్వండి. అందానికి కాదు, అది వాళ్ళ పనిముట్టు. డ్యూటీకి ఆలస్యమవుతుందని పొద్దున తినకుండా పరుగెత్తే పిల్లలే వార్డులో కళ్ళు తిరిగి పడిపోతుంటారు. ఈ అమ్మాయి ఇంటినుంచి వేయించిన రాగిపిండి, బెల్లం పట్టుకుపోతుంది. వేడినీళ్ళలో కలిపి తాగితే మధ్యాహ్నం దాకా ఆగుతుందట. హాస్టలు సాంబారును మొదట తిట్టుకుంది. ఇప్పుడు ఏమీ అనదు. ఆకలి అన్నీ నేర్పుతుంది. మరుగుదొడ్డికి పోయే తీరిక ఉండదని నీళ్ళు తాగడం మానేయడం ఇంకో చెడ్డ అలవాటు. మూత్రంలో మంట తెచ్చిపెడుతుంది. మా బడిలో ఆడపిల్లలు కూడా ఇదే పని చేస్తారు. మాకు కారణం వేరు, మాకు తలుపు సరిగ్గా పడని మరుగుదొడ్లు.

రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పిల్ల పగలు పడుకోవాలి. ఇంట్లోవాళ్ళు ఇది మరిచిపోతారు. పదకొండు గంటలకు ఫోను చేసి "ఏం చేస్తున్నావు?" అంటారు. నిద్రపోతున్నానంటే "పట్టపగలు నిద్రేమిటి?" అంటారు. ఈ అమ్మాయి వాళ్ళ అమ్మకు చదువు రాదు. అందుకని వంటింటి గోడ మీద క్యాలెండరులో రాత్రి డ్యూటీ ఉన్న రోజులకు ఒక చంద్రవంక గీసి పెట్టిపోతుంది. చంద్రవంక ఉన్న మర్నాడు సాయంత్రం అయిదు దాకా ఆ తల్లి ఫోను ముట్టుకోదు.

పండుగలకు రాలేదని కోపగించుకునే తల్లిదండ్రులు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. పరీక్షకు కూర్చోవాలంటే నూటికి 80 హాజరు ఉండాలి. వార్డు పని మాత్రం డిగ్రీ చేతికొచ్చే లోపల నూటికి నూరూ పూర్తిచేయాలి. ఉగాదికి ఒక రోజు ఎగ్గొడితే ఆ రోజును తరువాత ఎప్పుడో తీర్చుకోవాలి. అప్పు వంటిదే.

అసలు అప్పు సంగతి కూడా ఒక్క మాట. చేర్చే ముందు ఆ కాలేజీకి రాష్ట్ర నర్సింగు మండలి, భారత నర్సింగు మండలి గుర్తింపు ఉందో లేదో, ఏ విశ్వవిద్యాలయం కిందిదో కాగితం చూసి తెలుసుకోండి. ఏజెంటు మాట మీద పోకండి. అసలు సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోండి. వాటిని కాలేజీ బీరువాలో పెట్టేసి, మధ్యలో మారాలనుకుంటే నాలుగేళ్ళ ఫీజు కట్టమన్న చోటొకటి నాకు తెలుసు. ఆ తండ్రి నా దగ్గరికి వచ్చి కూర్చున్న మధ్యాహ్నం నాకింకా గుర్తుంది. బ్యాంకులో చదువు అప్పు నాలుగు లక్షల దాకా మామూలుగా ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు. వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకముందు బ్యాంకు మెట్లు ఎక్కండి.

చెప్పడానికి కష్టమైనది ఒకటి మిగిలింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల మొదటిసారి మనిషి పోవడం చూడటం. మన ఇళ్ళలో శవం దగ్గరికి ఆడపిల్లలను పోనివ్వం. అక్కడ పోయినవాళ్ళ ఒళ్ళు తుడిచి, కళ్ళు మూసి, గుడ్డ కప్పడం కూడా నర్సు పనే. ఈ అమ్మాయి మూడు రోజులు అన్నం పెట్టి, తల దువ్విన ఒక అవ్వ తెల్లవారుజామున పోయింది. అవ్వకు తెలుగు వచ్చు, ఆ వార్డులో తెలుగు వచ్చింది వాళ్ళిద్దరికే. ఒళ్ళు తుడుస్తున్నప్పుడు తోటి పిల్ల ఏడ్చిందట గానీ తనకు ఏడుపు రాలేదట. నాలుగో రోజు మెస్సులో ఎవరో "అవ్వా" అని వంటామెను పిలిస్తే, కంచం ముందే భోరుమందట. ఇట్లాంటప్పుడు ఫోనులో "మరిచిపో" అనకండి. "ఆ అవ్వ ఎట్లా ఉండేది?" అని అడిగి, చెప్పనివ్వండి. నేను ఆ రోజు అరగంట విన్నాను. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు, అందుకే వినగలిగానేమో.

"నర్సు పనికి పంపారా?" అని మూతి విరిచేవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. అట్లా విరిచిన ఒక పెద్దమనిషి, తన తల్లికి తుంటి ఎముక విరిగినప్పుడు ఈ అమ్మాయి నంబరు కోసం నా దగ్గరికే వచ్చాడు. ఇచ్చాను. అంతకన్నా ఎక్కువ చెప్పను, ఆయన కూడా ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు.

ఇప్పుడు ఆమె ఆఖరి సంవత్సరంలో ఉంది. పోయిన నెల సెలవుకు వచ్చింది. నాకు ఈ మధ్య రక్తపోటు ఉందంటే, "పదండి టీచర్, నేనూ వస్తాను" అని డాక్టరుగారి దగ్గరికి తోడు వచ్చింది. డాక్టరుగారు చీటీ రాస్తూ, వేగంగా తమిళంలో ఏదో చెప్పారు. పాత మాత్ర గురించి, కొత్త మాత్ర గురించి, ఉప్పు గురించి. వెనక ఇంకా పదిమంది కూర్చొని ఉన్నారు. నేను "సరే డాక్టర్" అని తల ఊపి బయటికి వచ్చాను.

మెట్ల దగ్గర ఆ పిల్ల ఆగింది. "టీచర్, ఆయన ఏం చెప్పారో ఒకసారి తిరిగి చెప్పండి" అంది.

పాత మాత్ర ఆపమన్నారా, సగం వేసుకోమన్నారా? నాకు తెలియలేదు. ఆమె ఏమీ అనలేదు, తలుపు తీసి పట్టుకుంది. ఇద్దరం మళ్ళీ లోపలికి పోయాం.